ఎనభై మంది అభిమానులు

“మీ సీరియల్ పదో వారంతో ఆపేస్తున్నామండీ,” అన్నాడు వారపత్రిక సంపాదకుడు రామ్మోహనరావు, టీ తాగుతారా అని అడిగినంత తీరుబడిగా.

సీరియల్ రచయిత లింగమూర్తి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం హైటెక్ సిటీలో అతని ఉద్యోగం. ఇక్కడ తన సీరియలే ఆగిపోతోంది! ఏడాదిపాటు వస్తుందని ఆఫీసంతా చాటింపు వేశాడాయె. రేపు క్యాంటీన్‌లో తలెత్తుకునేదెట్లా?

“గట్లంటరేంది సార్! పాఠకులు ఊకుంటరా? ఎన్ని ఉత్తరాలొస్తున్నయి!”

“ఎందుకు రావండీ? వారానికి ఎనభై!” రామ్మోహనరావు పోస్టుకార్డుల కట్ట బల్లమీద పడేశాడు. “ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా అందరూ మీ అభిమానులే. అన్నిటిమీదా మీ శేరిలింగంపల్లి పోస్టాఫీసు ముద్రే ఉంటే, పాపం చుట్టపుచూపుగా వచ్చారేమోలే అని సరిపెట్టుకున్నా. ఇదిగో, సిరిసిల్ల కనకలక్ష్మిగారు. పదకొండో వారం చదివి వెక్కివెక్కి ఏడ్చారట.”

“సూసిండ్రా మరి!”

“చూశానండీ. పదకొండో వారం ఇంకా అచ్చుకే వెళ్లలేదు.”

లింగమూర్తి నాలుక కరుచుకున్నాడు. అంతా ఆ పాడు అలవాటు వల్లే. ఆఫీసులో ఏ పనైనా గడువుకు ముందే ముగించి శభాష్ అనిపించుకునే మనిషి. కార్డులూ అంతే, నెలకు సరిపడా ఒకే ఆదివారం కూర్చుని రాసేశాడు. తీరా వచ్చే వారం కట్ట తీసుకెళ్లి ఈ వారమే డబ్బాలో వేశాడు, మహా మేధావి!

“తప్పైంది సార్! ఇగ జన్మల ఒక్క కార్డు రాయ. సీరియల్ మాత్రం ఆపకుండ్రి, మీ కాళ్లు మొక్కుత!”

“అయ్యో, రాయనంటే ఎలాగండీ?” రామ్మోహనరావు లేచి వెళ్లి తలుపు గడియ వేసొచ్చాడు. గొంతు తగ్గించాడు. “మీ సీరియల్‌కి రాని ఏడుపు మీ ఉత్తరాలు చదివితే వచ్చింది నాకు. ఏం ఉత్తరాలండీ అవి! మా ప్రొప్రైటర్‌గారు కథ చదవరు, కార్డులే లెక్కపెడతారు. మీ సీరియల్ అంటే ఆయనకి ప్రాణం.”

లింగమూర్తి అర్థంకాక బుర్ర గోక్కున్నాడు. “మరింక ఎందుకాపుతున్నరు సార్?”

రామ్మోహనరావు కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు.

“వచ్చే వారం ఆ పేజీల్లో నా సీరియల్ మొదలవుతోందండీ. నాకు వంద మంది కావాలి.”