హైమ విస్తరి

ఇంట్లో మనిషి పోతే ఇప్పుడు ఫోనే వరస పోస్టులుగా థ్రెడ్ రాసి మన పేరుతో నెట్‌లో పెట్టేస్తుంది. నా భార్య హైమ గురించీ రాసింది. ఒక్కో ముక్కను తర్వాతిది చదవకుండా ఉండలేని చోట ఆపుతూ, ఊరంతటినీ ఏడిపించింది. ఆఖరి రోజు ఆమె సున్నుండ అడిగిందని, నేను తెచ్చేలోపే కన్నుమూసిందని అందులో ఉంది. హైమ తీపి ముట్టేది కాదు. ఆ రోజు ఏమీ అడగనూ లేదు.

పెద్దకర్మ నాడు పోయినవారి పేరిట వేసే విస్తరిలో వారికి ఇష్టమైనవి వడ్డిస్తారు. వంటింట్లో హైమ వాళ్ళ అక్క రాజ్యం వదిన సున్నుండలు చుడుతోంది.

"వదినా, తనకిష్టం కాకరకాయ వేపుడు," అన్నాను.

"ఊరుకోండి మాస్టారూ! మీరు రాసింది చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు నేను."

"నేను రాయలేదు. ఫోను రాసింది."

"ఫోనుకి మా చెల్లి సంగతులెవరు చెప్పారంట? చిన్నప్పుడు నా చేతిలో సున్నుండ లాక్కుని పారిపోయేది."

"ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ అనలేదే మీరు?"

వదిన చేతులు ఆగాయి. "అది చదివాకే గుర్తొచ్చింది," అంది.

నేనే కాకరకాయలు తరిగి, వేయించి, విస్తరిలో పెట్టాను. దణ్ణం పెట్టి లేచేసరికి వదిన దాన్ని తీసేసింది.

"చెల్లికి చేదు పడదు. ఈయన మనసు మనసులో లేదు పాపం," అని పక్కింటావిడతో మెల్లగా అంటోంది.

"అవునండీ, హైమగారికి తీపంటే ప్రాణం," అందావిడ.

హైమ పోయిన తర్వాతే ఆవిడ మా వీధిలో అద్దెకు దిగింది.