వదలని పట్టు

"బోడ్నార్, వదలరా వాణ్ని," అని అరిచాను.

ఇద్దరూ గ్లవ్స్ పారేసి కలబడ్డారు. హెల్మెట్లు ఊడి మంచు మీద దొర్లాయి. ఐస్ హాకీలో రిఫరీకి తోడుండే లైన్స్‌మన్‌గా ఇరవై ఏళ్లలో ఇలాంటి కుమ్ములాటలు ఎన్నో విడదీశాను. కానీ అవతలి జట్టు గిరార్ తల వాల్చేశాక కూడా బోడ్నార్ వాడి చొక్కా వదలడం లేదు. జనం లేచి నిలబడి "పడగొట్టు, పడగొట్టు" అని కేకలు పెడుతున్నారు.

నాకు ఒళ్లు మండింది. బోడ్నార్ మణికట్టు పట్టుకుని గుంజాను.

"లాగొద్దన్నా," అన్నాడు నా చెవిలో. "వీడు నిలబడి లేడు, నేను నిలబెట్టాను. వదిలితే వెనక్కి పడి తల పగులుతుంది. నువ్వు తల పట్టుకో."

అప్పుడు చూశాను గిరార్ కళ్లు. తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు.

వాడి తల కింద రెండు చేతులూ పెట్టాను. పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించాం. బోడ్నార్ గెలిచాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"అంత గట్టిగా ఎక్కడ కొట్టావురా?" అన్నాను.

"నేనింకా కొట్టనే లేదన్నా. చొక్కా పట్టుకోగానే ఇలా అయిపోయాడు."

అరగంట కిందట గిరార్ మైదానం చుట్టూ ఉన్న గోడకి తల కొట్టుకుని పడితే, లేపి, హెల్మెట్ సర్ది, "ఏం కాలేదు, పోయి ఆడు" అని వీపు తట్టి పంపింది నేనే.