మంచి అంకె

డాక్టరు శివరామకృష్ణ షుగర్ మీటరు బటన్ నొక్కుతూ పాత రీడింగులన్నీ చూశాడు.

"ఇందులో అన్నీ బాగున్నాయి. ల్యాబులో మాత్రం మూడు నెలల సగటు చాలా ఎక్కువుంది. మీ కాలివేలి మీద పుండు మానట్లేదు, ఆ వేలు తియ్యాల్సిందే. అంకమ్మరావు గారూ, మీటరుకి పెట్టింది మీ రక్తమేనా?"

అంకమ్మరావు గుప్పిళ్లు ముడిచాడు. "మిరపకాయలు కోసే చేతులండీ. సూది గుచ్చితే రోజంతా మంట."

"మరి ఎవరిది?" అంది భార్య సుబ్బరావమ్మ.

పక్కనున్న కూతురు జ్యోతిర్మయి చేతులు ఓణీలో దాచుకుంది. "నాన్న బతిమాలాడమ్మా..."

సుబ్బరావమ్మ కూతురి వైపు తిరిగింది.

"అంకె బాగుందని నువ్వు చూపించినప్పుడల్లా, పోన్లే పాపం, నోరు కట్టుకుంటున్నాడని బూరెలు వండి పెట్టానే! ఆ వేలు నా చేత్తోనే తీయించారు కదే, తండ్రీ కూతుళ్లూ!"