సెల్లమ్మ నూనె బుడ్డి

"పదికి పది గుండ్లూ పోయినాయి. ఇది తుపాకా, పొయ్యి ఊదే గొట్టమా పెద్దాయనా?"

ముఖేష్ అనే ఆ మనిషి గాలి తుపాకిని బల్లమీద ఠపీమని పెట్టాడు. పక్కనే ఆయన కూతురు మోనిష, ఏడేళ్ళది, ఒక్క బెలూనూ పగలలేదని మూతి ముడుచుకుని నిలబడింది. తుపాకి కొనలోంచి ఇంకా సన్నగా పొగ వస్తూనే ఉంది.

కుప్పన్ "ఊఁ" అన్నాడు. అంతే. భార్య సెల్లమ్మ పోయి ఇరవై రెండు రోజులు. అప్పట్నించి ఎవరేమన్నా చెవిదాకా వస్తోంది గానీ లోపలికి దిగడం లేదు.

గుడియాత్తం తిరునాళలో, ఎండిన ఏటి ఇసుకలో, పన్నెండేళ్ళుగా కుప్పన్ బెలూన్ల అంగడిది ఒకటే చోటు. ఆ చోట్లు పంచే వీరప్ప అంతా చూస్తూనే ఉన్నాడు.

"కుప్పా, ఒక్కటీ పగలకుంటే జనం యాడొస్తారప్పా? రేపు సాయంత్రం దాకా చూస్తా. కాలేదా, ఈ చోటు పీచుమిట్టాయి మిషనోడికి."

"సరి."

పక్క గాజుల అంగడి అమ్మణికి ఒళ్ళు మండింది. "ఏందన్నా సరి? వదిన ఉన్నప్పుడు చంటిబిడ్డ కాల్చినా టప్పు టప్పుమని పగిలేవే! పొద్దున్నే నూనె బుడ్డి పట్టుకోని పలక వెనక్కి పొయ్యేది గదా. ఆ నూనే తుపాకికి పొయ్యి."

"అదే పోస్తాండా. పొగొస్తాండాది."

తుపాకి తుడిచేదీ, బెలూన్లు తగిలించే రేకు పలక వెనక కూర్చుని వాటిని ఊదేదీ, ఆ పలకను తాళ్ళతో కట్టేదీ విప్పేదీ అంతా సెల్లమ్మే. కుప్పన్ ముందర నిలబడి గుండు పెట్టి ఇచ్చేవాడు. ఈసారి పలకను పందిరి కూలీలు కట్టిపోయారు. బెలూన్లు ముందువైపు నుంచే ఊది తగిలించుకుంటున్నాడు. వెనక్కి పోవడానికి కాళ్ళు రాలేదు.

మర్నాడు పొద్దున్నే తుపాకి, బుడ్డి సంచిలో వేసుకుని వేలూరు బస్సెక్కాడు. లాంగ్ బజార్ సందులో సామ్యుల్ గాలి తుపాకులు బాగుచేస్తాడు. విప్పగానే మొహం చిట్లించాడు.

"దీంట్లో ఏం పోసినావన్నా?"

కుప్పన్ బుడ్డి ఇచ్చాడు. సామ్యుల్ ఒక చుక్క వేళ్ళమధ్య నలిపి వాసన చూశాడు.

"ఇది మగ్గాలకేసే నూనె. గాలి నొక్కే గొట్టంలో పోస్తే వేడికి అంటుకుంటాది. అందుకే పొగ. ఆడికి సిలికాన్ నూనె, అదీ ఒక్క చుక్క. ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట మళ్ళా సిలికాన్ పనికిరాదు. స్ప్రింగుకూ మీటకూ ఈ నల్ల గ్రీజే. దేని తిండి దానిది."

"నా పెండ్లాం పన్నెండేండ్లు ఇదే పోసింది."

"పోసింటే ఈ స్ప్రింగు ఎప్పుడో విరిగిపోయుండేది. పాత గ్రీజు ఎండి అట్లే ఉండాది చూడు. ఈ నూనె పడింది ఇప్పుడిప్పుడే. అక్క దీంట్లో ఒక్క చుక్కా పోయలా."

"నెలకొక బుడ్డి అయ్యేదే?"

"తలకు రాసుకునిందేమో!" అని సామ్యుల్ నవ్వాడు. ఎదుటి మనిషి మొహం చూసి నవ్వు మింగేశాడు.

అంతా తుడిచి, గ్రీజు పూసి, చుక్క నూనె వేసి, గోడకానించిన అట్టపెట్టె మీద సున్నా గీసి కాల్చాడు. పొగ లేదు. చప్పుడు మెత్తగా వచ్చింది. గుండు మాత్రం సున్నాకు జానెడు పైన దిగింది. మళ్ళీ కాల్చాడు. అదే జానెడు.

"గుండు పొయ్యే గొట్టం వంగిండాదన్నా. గుండు పెట్టేదానికి మడిచినప్పుడు ఎవురో మీట నొక్కేసినారు. గొట్టం పైకెగిరి తగిలి వంగింది. వంపులో తుప్పు చూడు, పదిహేనేండ్ల నాటిది. ఏ నూనె పోసినా ఇంక ఇంతే."

"నేను పాతది కొన్నా. పన్నెండేండ్లాయె."

"అట్లయితే కొన్ననాడే వంకర."

"పిల్లోళ్ళు కొట్టినారే. కింది వరసంతా వాళ్ళే పగలగొట్టేది."

"నువ్వెప్పుడన్నా కాల్చినావా?"

"మిట్టాయి అంగడోడు మిట్టాయి తింటాడా?"

సామ్యుల్ కూలి కూడా తీసుకోలేదు.

సాయంత్రం వీరప్ప వచ్చేలోగా అంగడి ఎత్తేద్దామని కుప్పన్ బల్ల దగ్గరికి వచ్చాడు. మోనిష తండ్రి చెయ్యి లాక్కుంటూ అప్పటికే అక్కడ ఉంది.

"తాతా, ఈ పొద్దు పగుల్తాయా?"

"లేదమ్మా. ఎత్తేస్తాండా." తుపాకిని సంచిలోంచి తీసి బల్లమీద పెట్టి, సంచితోనే తాళ్ళు విప్పడానికి పలక వెనక్కి పోయాడు.

పోయినవాడు ఎంతసేపటికీ రాలేదు. తాళ్ళు కదల్లేదు. "ఏమన్నా, బాగుండావా?" అని అమ్మణి గాజులు వదిలి లేవబోయింది.

అప్పుడు వెనకనుంచి గొంతు వచ్చింది. "నాయనా, ఒక గుండు పెట్టి బిడ్డ చేతికియ్యి. కింది వరసలో ఎర్రదాన్ని కొట్టమను."

"మళ్ళా పొగేనా?" అంటూనే ముఖేష్ గుండు పెట్టి ఇచ్చాడు. మోనిష ఒక కన్ను మూయబోయి రెండూ మూసుకుని మీట నొక్కింది.

టప్!

ఎర్ర బెలూను లేదు. పిల్ల ఇసుకలో గంతులేసింది. "నాయనా, పచ్చది! ఇప్పుడు పచ్చది!"

పలక వెనక కుప్పన్, అక్కడే దొరికిన, సూదిలా అరగదీసిన సైకిలు చువ్వను రేకుకున్న చిల్లిలోంచి మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. సెల్లమ్మ చీర పీలిక చుట్టిన దాని పిడిని అట్లే పట్టుకుని, చువ్వ కిర్రుమనకుండా, పచ్చ బెలూను వెనకున్న చిల్లిలో బుడ్డితో ఇంకో చుక్క నూనె వేశాడు.