ఆఠీను లేదా, అక్కా?

చూపు మందగించాక నాకు పేకలోని రెండు ఎర్ర రంగులూ, ఆఠీనూ డైమనూ, ఒకేలా కనిపిస్తున్నాయి. బ్రిడ్జి క్లబ్బులో నా జోడీ చెల్లెలే. అందరూ ఆఠీను వేస్తుంటే నేను వేరేది వేసినప్పుడల్లా, "ఆఠీను లేదా, అక్కా?" అని అడిగేది. చేతిలో ఆ రంగు ఉంటే అదే వెయ్యాలి; పొరపాటైనా వెంటనే ముక్క మార్చుకుంటే తప్పు కాదు. దాని ప్రశ్నే నా కళ్లద్దాలు.

ఇవాళ అడగలేదు.

ఆఠీను చేతిలో ఉంచుకుని డైమను తురుపు కొట్టాను. అవతలివాళ్లు తప్పు పట్టేసి, చెయ్యెత్తి ఆట నడిపే డైరెక్టరును పిలిచారు. డైరెక్టరు వచ్చి, నా ముక్కలు చూసి, జరిమానాగా మా రెండు పట్లు వాళ్లకిచ్చేశాడు.

"అయ్యో, నాకూ తట్టలేదక్కా," అంది చెల్లెలు. నేనో పిచ్చిమొహాన్ని, దాన్నే ఓదార్చాను.

వెళ్లేటప్పుడు డైరెక్టరు ఆపాడు. "ఆట మానేస్తున్నారటగా! మీ చెల్లెలు వచ్చే వారానికి వేరే జోడీని రాయించుకుంది."

"ఎప్పుడు?"

"పొద్దున, ఆట మొదలవకముందే."