ముందుమాట రాసినవాడు

"కాల్చకు తల్లీ! కాలిస్తే తెలిసే చేశానని ఒప్పుకున్నట్టే."

అచ్చుకొట్టు గుమ్మంలోంచి ఆ మాట వినపడగానే షూపింగ్ చేతిలోని అచ్చు కాగితాలు పొయ్యి ముందు జారిపడ్డాయి.

గుమ్మంలో ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. చిరిగిన అంగీ, బురద చెప్పులు.

అచ్చు చెక్కలు చెక్కే లాయ్ ఉలి పట్టుకునే లేచాడు. "ఎవరయ్యా నువ్వు?"

"దారినపోయేవాణ్ణి. ఈ పుస్తకం ప్రతిని టీకొట్టులో ఓ వర్తకుడి చేతిలో చూశాను. దీనికి ముందుమాట లేదేం?"

షూపింగ్ కింద పడ్డ కాగితాలు గబగబా ఏరి వెనక్కి దాచుకుంది.

కిందటేడు పక్క జిల్లాలో ఒక చరిత్ర పుస్తకం పట్టుబడింది. రాసినవాడితోపాటు చెక్కినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, చివరికి ముందుమాటలు రాసినవాళ్లనీ నరికేశారు. మంచూలు చైనా గద్దెనెక్కినా పాత మింగ్ రాజుల పేరుతోనే ఏళ్లు లెక్కపెట్టడం ఆ పుస్తకం చేసిన నేరం.

షూపింగ్ తండ్రి తన ఊరి చరిత్రలో అదే పని చేసి, పుస్తకం అచ్చులో ఉండగానే కన్నుమూశాడు. కూతురు ఆ సంగతి గమనించేలోపే ఆ వర్తకుడు కుట్టని ప్రతి ఒకటి నమూనాకని పట్టుకుపోయాడు. నిన్న అతను జిల్లా కచేరీ మెట్లెక్కుతుంటే పడవవాళ్లు చూశారు.

"ముందుమాట ఎప్పుడూ చివర్లోనే కదా చెక్కేది!" అన్నాడు ముసలాయన. "అంటే ఇంకా వేళ మించలేదు. నేను రాస్తాను."

"తల బరువైందా తాతా?" అన్నాడు లాయ్. "ఊళ్లో పండితులంతా ఆ మాటెత్తితేనే తలుపులు వేసుకుంటున్నారు!"

"ముందుమాటంటే పొగడ్త అనుకుంటారు అందరూ. అది గొడుగు నాయనా. పుస్తకం మీద పడే వాన ముందు దానిమీద పడాలి."

షూపింగ్‌కు అర్థమైపోయింది. ఇతను వర్తకుడి మనిషే. తియ్యగా మాట్లాడి, నేరం తన నోటితోనే చెప్పించాలని వచ్చాడు.

"మాకే ముందుమాటా వద్దు. వెళ్లండి!"

"ఒక్కసారి నా మాట విను..."

లాయ్ జబ్బ పట్టుకుని బయటికి గెంటేశాడు.

ఆయన వెళ్లలేదు. అరుగుమీద కూర్చుని, సంచిలోంచి కాగితం, కుంచె తీసి రాయసాగాడు.

"బాబాయ్, మన గురించే రాస్తున్నాడు!"

"పద, దొడ్డిదారిన పోదాం."

"ఎక్కడికని పోతాం? కాలువ పొడుగునా కావలి పెట్టారట."

అంతలో రేవులో కంచు గంట మోగింది. పడవ దిగిన సైనికులు సందంతా నిండిపోయారు.

ముసలాయన లేచి, తడి ఆరని కాగితాన్ని రెండు చేతులా అధికారికి అందించాడు.

షూపింగ్ ఇక ఆగలేకపోయింది. "ఓరి పాపిష్టివాడా! మా కొంప ముంచడానికే వచ్చావా? నీ నోట్లో మన్నుపడ!"

అధికారి పైకే చదివాడు.

"'ఇది ఈ పుస్తకానికి నా ముందుమాట. ఇందులో ఏళ్లకు పాత రాజుల పేర్లు పెట్టింది నేనే. రచయిత కొత్త ప్రభువుల పేర్లే రాశాడు. సరిచూడమని నన్ను నమ్మి ఇస్తే, చెక్కడానికి వెళ్లేముందు మార్చేశాను. ఈ సంగతి అతని ఇంటివాళ్లకు తెలియదు.'"

లాయ్ చేతిలోని ఉలి ఠంగుమని కింద పడింది.

"నువ్వు రాసిందేనా?"

"చేతిరాత నాదే. ముద్రా నాదే."

అధికారి షూపింగ్ వైపు తిరిగాడు. "ఇతన్ని ఎరుగుదువా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ముసలాయన నవ్వాడు. "ఎరిగుంటే అలా తిడుతుందా దొరా? ముందుమాట ఉందంటే మెడపట్టి గెంటించింది."

తిట్లు అధికారి చెవులారా విన్నవే. తల పంకించి, తాళ్లు తెమ్మన్నాడు.

చెక్కలన్నీ వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. కొట్టుకు తాళం వేసి ముద్ర వేశారు. ముసలాయన్ని పడవ ఎక్కించారు.

షూపింగ్ రేవు దాకా పరిగెత్తింది. ఆయన అబద్ధమాడుతున్నాడని అరవబోయింది. సైనికుల కత్తులు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

చలికాలంలో ఓ జవాను కొట్టు ముద్ర తీయడానికి వచ్చాడు.

షూపింగ్ వేడి టీ అందించి, భయపడుతూనే అడిగింది. "ఆ ముసలాయన..."

"పోయాడమ్మా. నగరం నడిబజార్లో తల తీశారు."

"ఎవరండీ ఆయన? మా నాన్నకి స్నేహితుడా?"

"మీ నాన్న మొహమైనా చూసుండడు."

జవాను వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"బేడీలతో తీసుకొస్తే, కచేరీలో పెద్దలంతా అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారట. కిందటేడు పక్క జిల్లాలో ముందుమాటలు రాసినవాళ్లకి మరణశిక్ష రాసిన న్యాయాధికారేనమ్మా ఆయన!"