వెన్న తేలిన పాలు

విరిగిన నా కాలి ఎముక అతుక్కుంది, మెల్లగా పరుగు మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పాడు. నాన్న మాత్రం, "ఇంకొకసారి పరిగెత్తితే స్కూలు కూడా మాన్పిస్తా" అన్నాడు.

కృష్ణగిరిలో జిల్లా పోటీలు దగ్గర పడ్డాయి. అందుకే పొద్దున్నే పాలక్యాను పట్టుకుని, ఇల్లు కనబడనంత దూరం నడిచి, అక్కడినుంచి హైవే పక్కనున్న పాలసెంటరు దాకా పరుగెత్తేదాన్ని. కోచ్ ఇచ్చిన ట్రైనింగ్‌లో పాలక్యాను లేదు. అవ్వకు కూడా చెప్పలేదు.

ఒకరోజు సెంటరాయన మూత తీసి చూసి పాలు తిప్పి పంపాడు. పైన వెన్న పలుకులు తేలుతున్నాయి.

"ఎట్ల తీసకపోయినావే?" అన్నాడు నాన్న.

"నడిచే పోయినాను నాన్నా."

కెంపమ్మ అవ్వ వేలితో కాస్త వెన్న తీసి నాకింది. "ఆవుకు మేత మారింది కదప్పా, పాలు చిక్కబడినాయి" అంది కొడుకుతో.

మర్నాడు చీకటుండగానే లేపి నా చేతికి క్యాను ఇచ్చింది.

"పాలు నేనే తీసకపోతాను. దీంట్లో పెరుగుండాది. మీ నాయన లేచేలోగా వెన్న చేసి ఎత్తకరా."